ఫిల్టరులో చిక్కిన సగం మాట

పొద్దున్నే గరాజు షట్టరు పైకెత్తి, నేల ఊడ్చి, రేడియో పెట్టి, నిన్న వాడిన పానాలన్నీ గుడ్డతో తుడిచి సైజు వారీగా గోడకి తగిలించడం ఆ అమ్మాయి అలవాటు. ఒక్క పానా అటూ ఇటూ మారినా పని మొదలుపెట్టదు. అందుకే వీధి వీధంతా ఆమెని పానా అనే పిలుస్తుంది. అసలు పేరు కన్నతండ్రికే కాస్త ఆలోచిస్తే గాని గుర్తురాదు.

నాన్నది పక్క షెడ్డు, రేకుల పని. కార్ల సొట్టలు తీస్తాడు, తుప్పు పట్టిన చోట కోసి కొత్త రేకు అతుకుతాడు. సుత్తి చప్పుళ్ల మధ్య మాట్లాడి మాట్లాడి ఆయన గొంతు అలా పెద్దదైపోయింది. ఇంట్లో కూర్చుని మంచినీళ్లడిగితే ఎదురింటివాళ్లు తెచ్చిస్తారు.

గరాజుకి ఎక్కువగా వచ్చేవి ఫిల్టరు కేసులు. ట్యాంకు నుంచి ఇంజనుకి పెట్రోలు వెళ్లే దారిలో ఫిల్టరు ఉంటుంది కదా, అది తుప్పునీ ఇసకనీ నలకల్నీ పట్టుకుంటుంది. వాటితోపాటు మాటల్ని కూడా పట్టుకుంటుంది. కార్లో కూర్చున్న మనిషి ఏదో అనబోయి మింగేసిన మాట గొంతు దిగుతుంది, గొంతు దిగింది సీటు దిగుతుంది, సీటు దిగింది బండి అడుగున జారి ట్యాంకు చేరుతుంది. అక్కణ్ణుంచి పెట్రోలుతో కలిసి బయల్దేరి జాలికి చిక్కుకుంటుంది. పై అధికారిని వెనక కూర్చోబెట్టుకుని తిరిగే డ్రైవర్ల బళ్లు నెల తిరక్కుండా వచ్చేస్తాయి. కొత్తగా పెళ్లయినవాళ్ల బళ్లు మొదట్లో అసలు రావు, తర్వాత్తర్వాత మిగతా బళ్లలాగే వస్తాయి.

జాలి విప్పి గుడ్డ మీద దులిపితే ఆ మాటలు బూడిదరంగు నూగులాగా రాలతాయి. పెట్రోలు తడి ఉన్నంతసేపూ నోరు మెదపవు. ఆరిందంటే మాత్రం, మింగినవాళ్ల గొంతుతోనే ఒక్కసారి సన్నగా పలికి పొడైపోతాయి. అందుకని మర్యాద తెలిసిన మెకానిక్కు వాటిని ఆరబెట్టడు. తడి గుడ్డ అలాగే యజమాని ముందు పట్టుకుని, "చెప్పేస్తారా, పారెయ్యమంటారా?" అని అడుగుతాడు. దాదాపు అందరూ పారెయ్యమనే అంటారు. పారేస్తే ఫిల్టరు అప్పటికి శుభ్రపడుతుంది, కొన్నాళ్లకి అదే మాట మళ్లీ వచ్చి చిక్కుకుంటుంది. ఎవరితో అనాలో వాళ్లతో నోరు విప్పి అనేస్తే ఇక రాదు. మెకానిక్కులకి పారెయ్యమనేవాళ్లే ఇష్టం. ఆ సంగతి పైకి అనరు, ఇంటికెళ్లేటప్పుడు తమ బండిలోనే మింగుతారు.

ఇదంతా ఊళ్లోవాళ్ల బళ్ల గొడవ. పానాకి సొంత కారు ఒకటుంది, దాని కథ వేరు. పాత సామాన్ల దొడ్లో, కిటికీల్లోంచి పిచ్చి మొక్కలు బయటికి చూస్తూ, ముందు సీట్లో ఓ కోడి గుడ్లు పొదుగుతూ ఉన్నప్పుడు ఆమె దాన్ని చూసి మనసు పారేసుకుంది. కోడి లేచేదాకా ఆగి ఇంటికి తెచ్చుకుంది. తాతల కాలం నాటి బండి. దాని ఇంజను ఎప్పుడో పోయింది. గుద్దుకుని మూలపడ్డ పాలవ్యానులోంచి కొంచెం పెద్ద ఇంజను తీసి అందులో కూర్చోబెట్టింది. పాత పంపు దానికి చాలదు గనక వెనక ట్యాంకు దగ్గర కరెంటు పంపు పెట్టింది. పంపుకి ముందు ముతక జాలి ఉన్న రేకు ఫిల్టరు ఒకటి, ముందువైపు బానెట్ కింద సన్న జాలి ఉన్న గాజు ఫిల్టరు ఒకటి. గాజుదైతే లోపల పెట్రోలు గిర్రున తిరగడం కనిపిస్తుందని ముచ్చటపడి పెట్టుకుంది. రేకంతా నాన్న కొట్టాడు. పెళ్లి సంబంధాలు చూద్దామా అని ఎవరైనా అంటే, "ముందు దీనికి రంగు పడనివ్వండి" అనేవాడాయన.

ఈ హడావుడంతా కొండ పందెం కోసం. ఊరి వెనకున్న కొండ మీదికి ఏటా పాత కార్లు ఒక్కొక్కటీ విడివిడిగా ఎక్కుతాయి, ఎవరు తక్కువ సమయంలో పైకి చేరితే వాళ్లది గెలుపు. కార్లో ఇద్దరుండాలి. ఒకరు నడుపుతారు, పక్కనున్నవాళ్లు ముందొచ్చే మలుపు చెబుతారు. చిన్నప్పుడు గోడెక్కి కూర్చుని ఆ పందెం చూసిన నాటి నుంచీ పానాకి ఒకటే కోరిక, తన చేత్తో కట్టిన బండిని తనే నడుపుతూ ఆ కొండెక్కాలి. ఈ ఏడాదికి అది నెరవేరబోతోంది.

పక్కన కూర్చునేది మేనత్త, నాన్నకి సొంత అక్క. కొండ మీది బడికి జీవితమంతా బస్సు నడిపి ఈ మధ్యే రిటైరైంది. ఆ దారిలో ఏ మలుపు ఎటు తిరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పొద్దున్నే పిల్లల్ని బస్సెక్కించే ప్రతి తల్లీ ప్రతి తండ్రీ ఆవిడకి టాటా చెప్పేవాళ్లు కాదు, "మెల్లగా మేడం" అనేవాళ్లు. చివరికదే పేరైపోయింది. ఊళ్లో సగంమంది ఆవిడ బస్సులో బడికెళ్లినవాళ్లే గనక బజారుకెళ్తే కూరల దగ్గర కూడా "మెల్లగా మేడం వచ్చారు, దారివ్వండి" అంటారు. ఆవిడా పేరు నిలబెట్టుకుంది. ఆవిడ బస్సుని సైకిళ్లు దాటిపోయేవి. ఒకసారి కర్ర పట్టుకుని నడుస్తున్న ముసలాయన కూడా దాటాడని నాన్న చెబుతాడు గాని, అది నమ్మక్కర్లేదు.

కారు రోడ్డెక్కిన రోజు నుంచీ అత్తా మేనకోడలూ పొద్దున్నే కొండ మీదికి సాధనకి వెళ్లేవాళ్లు. "ముందు కుడి. వెంటనే ఎడమ. గతుకుంది, ఇటు లాగు. ఇప్పుడు తొక్కు" అని అత్త చెబుతుంటే పానా చేతులు వాటంతటవే తిరిగేవి. అంతా బాగానే ఉండేది, చివరి మలుపు దాకా. అక్కడ పైకి మంచి ఏటవాలు. పెడలు నేలకి ఆనేలా తొక్కగానే ఇంజను పొలమారినట్టు దగ్గి, ఊగిసలాడి, చల్లారిపోయేది. రోజూ అక్కడే, రోడ్డు పక్కనున్న ఒక పసుపు రాయి దగ్గరే.

"పెట్రోలు అందట్లేదు" అంది పానా. మెల్లగా వెళ్లినంతసేపూ కొంచెం అందినా సరిపోతుంది. గట్టిగా తొక్కినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ఆ రోజు గరాజుకి రాగానే బానెట్ ఎత్తి గాజు ఫిల్టరు విప్పింది. సన్న జాలి మీద తుప్పు లేదు, ఇసక లేదు. దట్టంగా బూడిదరంగు నూగు. ఒక్క నిమిషం తటపటాయించింది. సొంత కారు కదా, అడగడానికి వేరే యజమాని ఎవరున్నారని గుడ్డ మీద దులిపి ఎండలో పరిచింది. నాన్న సుత్తి ఆపి వచ్చి వంగి విన్నాడు. తడి ఆరుతూ ఉండగా ఆ నూగు అత్త గొంతుతో పలికింది.

"నివ్వు... నివ్వు... నివ్వు..."

"నివ్వు ఏంటి?" అన్నాడు నాన్న. "ఇది మాట కాదే, మాట తోక."

"తల ఏదో మరి."

"ఏముంది, పోనివ్వు. కారుని పోనివ్వు అని. నువ్వు భయపడి తగ్గిస్తున్నావు, పెద్దది గనక చెప్పలేక ఊరుకుంటోంది."

అత్తనే అడిగారు. కుట్టుమిషను ముందు కూర్చుని వెనక సీటుకి తొడుగు కుడుతున్న అత్త, "నేనా, నేనేం మింగుతాను? నాకేం పని?" అని సూదిలోకి దారం ఎక్కించుకుంటూ కూర్చుంది.

మర్నాడు పానా ఇంకాస్త గట్టిగా తొక్కింది. మూడో మలుపులో అత్త సీటు అంచు పట్టుకుంది. చివరి మలుపు ఇంకా రాకముందే ఇంజను ఆగిపోయింది. జాలి విప్పితే మళ్లీ అవే తోకలు, ఈసారి ఇంకా దట్టంగా.

"అయితే ఆగనివ్వు అయ్యుంటుంది" అన్నాడు నాన్న తల గోక్కుంటూ. "లేదా ఊపిరి తీసుకోనివ్వు."

పానాకి వేరే మాట తట్టింది. దిగనివ్వు. అత్త సీటు అంచు పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది. జన్మలో గేరు మార్చడానికి కూడా నిదానించిన మనిషిని తీసుకొచ్చి రాకెట్టులో కూర్చోబెట్టింది. పాపం, మేనకోడలి ముచ్చట చెడగొట్టడం ఇష్టంలేక దిగనివ్వమని అడగలేకపోతోంది. ఎంత సేపూ నా బండి, నా పందెం అనుకున్నాను గాని, ఆవిడకెలా ఉందో అడిగానా అని తనని తానే తిట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంజను నెమ్మదిగా తిప్పి చప్పుడు వింటూ, మాటల మధ్యలో చెప్పింది. "అత్తా, పందెంలో నువ్వు రానక్కర్లేదులే. నాన్నని కూర్చోబెట్టుకుంటాను."

అత్త పక్క సీట్లో తొడుగుకి బొత్తాలు పెడుతోంది. చెయ్యి ఆగింది. "సరే" అంది. ఆ తర్వాత ఇంకేదో అనబోయి, గుటక వేసింది. ఆ గుటకతో పాటే తిరుగుతున్న ఇంజను టక్కున ఆగిపోయింది.

పానా తాళం మళ్లీ తిప్పింది. అత్త మిగిలిన బొత్తాలు డబ్బాలో వేసుకుని, రేపు వస్తానని చెప్పి ఇంటికి వెళ్లిపోయింది.

నాన్నతో సాధన చెయ్యబోతే తల ప్రాణం తోకకొచ్చింది. ఆయనకి సుత్తి ఏ చేతిలో ఉందో చూసుకుంటే గాని కుడి ఎడమలు తెలియవు. కార్లో సుత్తి ఉండదు. "ఇటు, ఇటు" అని గట్టిగా అరిచేవాడు. ఎటో చూడాలంటే రోడ్డు మీంచి చూపు తిప్పి ఆయన చెయ్యి చూడాలి. చివరికి ఒళ్లో సుత్తి పెట్టుకునే కూర్చున్నాడు.

పందెం ముందురోజు కార్ల తనిఖీ. కొండ కింద మైదానంలో బళ్లన్నీ వరసగా నిలబెట్టారు. తనిఖీ చేసే పెద్దాయన టార్చీ, పొడుగు కర్రకి కట్టిన చిన్న అద్దం పట్టుకుని ఒక్కో బండి కిందికీ దూరుతున్నాడు. చాలా మర్యాదస్తుడు, బండి అడుగు చూసేముందు కూడా "చూడొచ్చా అమ్మా" అని అడుగుతాడు. పానా కారు బానెట్ ఎత్తి గాజు ఫిల్టరు చూసి ఆగిపోయాడు.

"అమ్మాయ్, దీని కిందున్నది ఏంటి?"

"పొగగొట్టం మొదలండీ."

"కొండెక్కేసరికి అది ఎంత కాలుతుందో తెలుసుగా. దాని నెత్తిన గాజు బుడ్డిలో పెట్రోలు పెట్టావు. గాజు చిట్లినా, క్లిప్పు వదులైనా ఏమవుతుంది?"

పక్కవాళ్ల బండికైతే పానానే ఒప్పుకోదు. పెద్దాయన వెనక్కి వెళ్లి, అద్దం కిందికి పెట్టి, టార్చీ వేసి ఇంకాసేపు చూశాడు.

"వెనక ఫిల్టరు బిగించావా, చెవికి జూకాలా వేలాడదీశావా? ఓ పట్టీ లేదు, రబ్బరు లేదు, పైపు బలం మీద ఊగుతోంది. చక్రం ఎగరేసిన రాయి సూటిగా దానికే తగులుతుంది." లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "బండి ముద్దుగా ఉంది. నాకూ ఎక్కుతుంటే చూడాలనుంది. సాయంత్రం గేటు మూసేలోపు రెండూ సరిచేసి తీసుకురా, వదులుతాను. లేదంటే వచ్చే ఏడాదే."

దారి పొడుగునా పానా చెవులు ఎర్రగానే ఉన్నాయి. ఆ వెనక ఫిల్టరుని పెట్టిన రోజు నుంచీ విప్పి చూసింది లేదు. ఇరుసు మీద, ట్యాంకు వెనక, చెయ్యి దూరని సందులో ఉంటుందది. ముందుది గాజు, కంటికెదురుగా ఉంటుంది, రెండు నిమిషాల్లో ఊడొస్తుంది. మాట చిక్కిందంటే అక్కడే చూడటం అలవాటైపోయింది. తలుపు దగ్గరున్న చెప్పుల్ని బట్టి ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్కేసినట్టు.

గరాజు దగ్గర అత్త ముందే వచ్చి కూర్చుని ఉంది. సంగతి విని ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా చీర కొంగు దోపుకుని టార్చీ అందుకుంది. నాన్న రేకు కోయడానికి కూర్చున్నాడు. పానా కారుని ఆరుబయట నిలిపి ఇంజను చల్లారేదాకా ఆగింది. ఇసక బకెట్టు దగ్గరికి లాక్కుంది. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పింది. పైపు నొక్కిపెట్టి, కింద పళ్లెం పెట్టి, గాజు ఫిల్టరుని తీసి అవతల పెట్టింది. దాని బదులు సన్న జాలి ఉన్న రేకు ఫిల్టరు తీసుకుంది. పొగగొట్టానికి ఎడంగా, ఫ్యాను గాలి తగిలే చోట, గట్టి రేకు చూసి బిగించింది. రేకుకీ ఫిల్టరుకీ మధ్య రబ్బరు పట్టీ వేసింది. ఫిల్టరు ఒంటి మీద బాణం గుర్తుంటుంది, అది ఇంజను వైపు తిరిగి ఉండాలి. ఉందో లేదో అత్తని కూడా చూడమంది. పాత పైపులు బీటలిచ్చాయని వాటినీ మార్చి, క్లిప్పులు పైపుని కొయ్యకుండా, వదులు కాకుండా చూసుకుని బిగించింది.

తర్వాత కారు వెనక భాగం పైకి లేపి, కింద గట్టి దిమ్మలు పెట్టి, పడుకుని లోపలికి జరిగింది. అత్త పక్కనే నేల మీద కూర్చుని టార్చీ పట్టుకుంది. వెనక ఫిల్టరు చేతికి రావడానికి చాలాసేపు పట్టింది. తీరా బయటికి తెచ్చి అడుగు బోల్టు విప్పితే, ముతక జాలి కనిపించనే లేదు. నూగంటే నూగు కాదు, ఉండలు ఉండలుగా పేరుకుపోయింది. గుడ్డ మీద దులిపింది. ఆ రోజు ఎండ మంచి కాక మీద ఉంది. అత్తని అడగాలని తల ఎత్తేలోపే అంచున ఉన్న ఒక ఉండ ఆరి పలికింది.

"నడప..."

నాన్న కత్తెర ఆగింది. ఇంకో ఉండ ఆరింది. "నడప..."

పెద్ద ముక్క ముతక జాలికి, చిన్న ముక్క సన్న జాలికి. రెండూ కలిపితే ఏమవుతుందో ముగ్గురికీ అర్థమైంది. అత్త టార్చీ ఆర్పేసింది, పట్టపగలే అయినా.

పానాకి మొదట అత్త మీద జాలి వెయ్యలేదు, కోపం వచ్చింది. ఆ మాట ఒప్పుకోవాలి. ఇది నా కారు. కోడి లేచేదాకా ఎదురుచూసింది నేను. ప్రతి బోల్టూ నా చెయ్యి తగిలినదే. ఇన్నేళ్లుగా చూస్తున్న కల, ఇంకో రాత్రి గడిస్తే చేతికొచ్చేది. అలా అనుకుంటూనే ఇంకొకటి కూడా అనుకుంది. రెండు ఫిల్టర్లూ ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి. గుడ్డ మడిచి డబ్బాలో వేసి మూత పెడితే సరి. రేపు ఒక్కసారి ఎక్కడానికి ఏమీ అడ్డుపడదు. అత్త ఎలాగూ నోరు విప్పదు, నాన్నేమీ విననట్టే ఉంటాడు. కారు కొండెక్కుతుంది, తను నడుపుతుంది.

లేచి నిలబడింది. గుడ్డ మీది మిగతా తడి ఆరకముందే అత్త ముందు పట్టుకుంది. రోజూ కస్టమర్లని అడిగే గొంతుతోనే అడిగింది.

"చెప్పేస్తారా, పారెయ్యమంటారా?"

"అదేంటే, నన్ను మీరంటున్నావు?"

"గరాజులో అందరూ ఒకటే."

అత్త గుడ్డ వైపు చూడలేదు. "పారెయ్యవే. ఈ వయసులో నాకెందుకు."

పానా డబ్బా మూత తీసింది. గుడ్డ దాని మీదికి తీసుకెళ్లింది గాని వదల్లేదు. "కస్టమరు అబద్ధం చెబితే నేను బండి ముట్టుకోను" అంది. "ఫిల్టరు బిగించకపోతే రేపు పందెం లేదు. గేటు మూసేస్తారు. ఆలోచించుకోండి మేడం."

అత్తకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే కళ్లు నిండాయి. కొంగుతో ముక్కు తుడుచుకుని, నాన్న వైపోసారి చూసి, మేనకోడలి మొహంలోకి చూసింది.

"నడపనివ్వవే" అంది. "ఒక్కసారి. ఆ కొండ మీద మూడో గేరు ఎలా ఉంటుందో కూడా నాకు తెలీదు. రోజూ పిల్లలుండేవాళ్లు వెనక, ప్రాణాలన్నీ నా చేతిలో. వాళ్లని దింపి ఖాళీ బస్సు తెస్తున్నప్పుడు కూడా, ఎవరి పిల్లలో ఇంకా వెనక కూర్చున్నట్టే ఉండేది. నువ్వు ఈ బండి కడుతుంటే పానాలందిస్తూ ఒక్కటే అనుకునేదాన్ని. నువ్వు కట్టుకున్నదాన్ని ఏ మొహం పెట్టుకుని అడగను?"

గుడ్డ మీద ఉండలన్నీ మాయమయ్యాయి. పెట్రోలు మరక ఒక్కటే మిగిలింది. నాన్న గొంతు సవరించుకుని, ఉన్నట్టుండి రేకు మీద దబదబా కొట్టడం మొదలుపెట్టాడు. అక్కడ కొట్టాల్సిన పనేమీ లేదు.

పానా మళ్లీ కారు కిందికి జరిగింది. కాసేపు కాళ్లు మాత్రమే కనిపించాయి. "నాన్నా, ఆ పట్టీ ఇవ్వు" అంది. నాన్న కొట్టిన కొత్త పట్టీ, మందపాటి రబ్బరు అందుకుని, ఇరుసుకీ పొగగొట్టానికీ దూరంగా, బండి చట్రం లోపలి గోడకి వెనక ఫిల్టరుని కదలకుండా బిగించింది. చక్రం వైపు నుంచి రాళ్లు తగలకుండా చిన్న రేకు అడ్డం పెట్టించింది. బ్యాటరీ వైరు తగిలించి, ఇంజను స్టార్టు చెయ్యకుండా పంపు ఒక్కటే తిప్పి, ప్రతి అతుకునీ పొడి కాగితంతో తుడిచి చూసింది. ఎక్కడా తడి లేదు. అప్పుడు కింద నుంచే అంది.

"అత్తా, సీటు ముందుకి జరపాలి. నీ కాళ్లు పొట్టి."

సాయంత్రం తనిఖీ పెద్దాయన అద్దం పెట్టి చూసి, రెండు ఫిల్టర్లనీ చేత్తో పట్టుకుని ఊపి చూశాడు. కారు ఊగింది గాని అవి ఊగలేదు. సంతృప్తిగా తలాడించాడు. డ్రైవరు మారిందని చెబితే అత్త మొహం చూసి, "మా అమ్మాయి మీ బస్సులోనే బడికెళ్లిందండీ" అని లేచి దారిచ్చాడు.

మర్నాడు కొండ దారికి అటూ ఇటూ జనం. మెల్లగా మేడం నడుపుతోందన్న కబురు పొద్దుటికల్లా ఊరంతా పాకింది. ఆవిడ బస్సులో పెరిగినవాళ్లు, వాళ్లని ఎక్కించినవాళ్లు, గోడల మీదా మెట్ల మీదా నిలబడి ఉన్నారు. కారు బయల్దేరే గీత దగ్గరికి రాగానే అందరూ నవ్వుతూ ఒక్క గొంతుతో అన్నారు, "మెల్లగా మేడం."

అత్త అద్దంలో వెనక సీటు చూసుకుంది. అక్కడెవరూ లేరు. జెండా ఊపారు. కారు ఎలా కదిలిందంటే, పానా తల వెళ్లి సీటుకి కొట్టుకుంది.

మలుపులు చెప్పాల్సింది పానానే గాని, నోరు తెరిచేలోపే ఆ మలుపు వెనక్కి వెళ్లిపోయేది. అత్తకి ఆ దారి అరచేతి గీత. జీవితమంతా అంగుళం అంగుళం చూసుకుంటూ ఎక్కినదాన్ని ఇప్పుడు ఒక్క గుక్కలో తాగేస్తోంది. ఎక్కడ చక్రం అంచుకి పోనివ్వొచ్చో, ఎక్కడ పోనివ్వకూడదో ఆ చేతులకి తెలుసు. మూడో గేరులో ఆవిడ పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. పానా పెదవి బిగబట్టుకుని, సీటు అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

చివరి మలుపు వచ్చింది. పసుపు రాయి కనిపించింది. అత్త నేలకి ఆనేలా తొక్కింది. ఇంజను దగ్గింది.

ఒకసారి దగ్గి, ఊగి, మళ్లీ దగ్గింది. అత్త మొహం పాలిపోయింది. "నేనేం మింగలేదే. ఒట్టు."

పానాకి తెలుసు, అత్త మింగలేదని. నిన్న కారు కింద ఆపుకున్న మాటని తనిఖీకి వెళ్తూ సీట్లో ఎవరు మింగారో, ఎంత మింగారో, ఇప్పుడు బయల్దేరినప్పటి నుంచీ ఎవరి గొంతులో గుటక మీద గుటక పడుతోందో ఆమెకి బాగా తెలుసు. కారు నిదానిస్తోంది. వెనక్కి జారడానికి ఇంకెంతో లేదు.

"అత్తా, ఇది నా కారు" అంది పానా గట్టిగా.

ఇంజను కాస్త గొంతు సవరించుకుంది.

"నేను నడపాల్సింది. నాకు కుళ్లుగా ఉంది. నిన్నటి నుంచీ కుళ్లుగానే ఉంది. పెద్ద త్యాగం చేసినట్టు మొహం పెట్టాను గాని ఏమీ లేదు, రాత్రంతా ఏడ్చాను."

"చెప్పు, చెప్పు" అంది అత్త గేరు మారుస్తూ. "ఇంకా చెప్పు, లాగుతోంది."

"నువ్వు నాకంటే బాగా నడుపుతున్నావు. అది ఇంకా కుళ్లుగా ఉంది. ఇందాకటి మలుపు నాకెప్పటికీ అలా రాదు. నాకు చాలా భయంగా ఉంది, మెల్లగా పోనివ్వు. వద్దు, తగ్గించకు. నువ్వు నవ్వుతుంటే చూడ్డానికి బాగుంది. నా చిన్నప్పటి నుంచీ నువ్విలా నవ్వడం నేను చూడలేదు."

ఇంజను నిండు గొంతుతో అందుకుంది. కారు పసుపు రాయిని దాటి, ఏటవాలంతా ఒక్క ఊపులో మింగేసి, కొండ నెత్తి మీద చదును నేలకి దూసుకెళ్లింది. గీత దాటాక కూడా అత్త కాలు వెంటనే తియ్యలేదు. బడి గోడ దాకా పోనిచ్చి అక్కడ ఆపింది.

పందెంలో మొదటి స్థానం రాలేదు. మొదట వచ్చింది ఎవరో ఊళ్లో ఇప్పుడెవరికీ గుర్తులేదు. తనిఖీవాళ్ల కుర్రకారు పరిగెత్తుకొచ్చి బానెట్ ఎత్తారు, అతుకులన్నీ వేలితో తడిమి పొడిగా ఉన్నాయని తేల్చారు. ఎవరు నడిపారని అడిగారు.

"నేనే" అంది అత్త. ఆ ఒక్క మాట మెల్లగా, రుచి చూస్తున్నట్టు అంది.

వాళ్లు వెళ్లాక ఇద్దరూ కాసేపు కార్లోనే కూర్చున్నారు. కింద ఊరు కనిపిస్తోంది, దారి పొడుగునా జనం ఇంకా చేతులూపుతున్నారు. నాన్న గొంతు ఇంత ఎత్తుకి కూడా వినిపిస్తోంది. పానా గొంతులో ఇంకొకటి మిగిలింది. మింగాలని అనిపించలేదు.

"వచ్చే ఏడాది నేనే నడుపుతానత్తా."

అత్త అద్దం సరిచేసుకుంది, సీటు ఇంకొంచెం ముందుకి జరుపుకుంది. తాళం తిప్పింది.

"వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది చూద్దాం" అంది. "ముందు ఆ తలుపు సరిగ్గా వెయ్యి."